షటిల్ కాక్ చెప్పిన పాఠాలు



మీ బడి టైంటేబుల్లో ఆటల పీరియడు ఉంటుంది కదా? పరీక్షలు దగ్గరపడేసరికి ఆ పీరియడును లెక్కల మాస్టారో సైన్సు మాస్టారో అడిగి పుచ్చుకుంటారు. నేనూ సైన్సు మాస్టారినే. ఆ పని చాలాసార్లు చేశాను. అలా చేయడం సబబేనా అన్న అనుమానం మాత్రం కిందటి సంవత్సరమే వచ్చింది.

మా తొమ్మిదో తరగతి కుర్రాడొకడు షటిల్ పోటీల్లో చివరి గేము రెండు పాయింట్ల తేడాతో పోగొట్టుకుని వచ్చాడు. బ్యాట్ సంచిలో పెట్టేసి, ఇక ముట్టుకోనన్నాడు. "మా నాన్న చెప్పిందే నిజమండీ మాస్టారూ. ఆటలు కూడెడతాయేంట్రా అన్నాడు. రెండేళ్ల సాయంత్రాలన్నీ పోయాయండీ. ఏం నేర్చుకున్నట్టండీ?" అని అడిగాడు.

"గెలుపోటములు సమానంగా చూడాలిరా" అని ఏదో అన్నాను. ఆ మాట వాడికి రుచించలేదు. నిజం చెప్పాలంటే నాకూ రుచించలేదు. అది జవాబు కాదు, జవాబు తెలియనప్పుడు పెద్దవాళ్లు చెప్పే మాట. తరవాత కొన్నాళ్లు కూర్చుని కొన్ని లెక్కలు వేశాను. వాటినే ఇక్కడ మీతో పంచుకుంటున్నాను. ఒక కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకోండి. ఒక చోట స్కేలు కూడా కావాలి.

మన ఊరి కుర్రాడు, మహా వేగం

రంకిరెడ్డి సాత్విక్ సాయిరాజ్ పేరు కోనసీమలో తెలియనివాళ్లుండరు. 2000 ఆగస్టు 13న అమలాపురంలో పుట్టాడు. తండ్రి వ్యాయామోపాధ్యాయుడు. 2014లో హైదరాబాదులోని గోపీచంద్ అకాడమీకి వెళ్లాడు. ముంబైకి చెందిన చిరాగ్ శెట్టితో కలిసి పురుషుల డబుల్స్ ఆడతాడు. 2022లో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో బంగారు పతకం, 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో బంగారు పతకం తెచ్చారు. ఆసియా క్రీడల బ్యాడ్మింటన్‌లో మన దేశానికి అదే తొలి బంగారం. ఆ వెంటనే 2023 అక్టోబరులో ప్రపంచ ర్యాంకింగులో ఆ జంట మొదటి స్థానానికి చేరింది.

ఇంకొక సంగతి కూడా వినే ఉంటారు. 2023 ఏప్రిల్ 14న జపాన్‌లోని సోకా పట్టణంలో సాత్విక్ కొట్టిన స్మాష్ వేగం గంటకు 565 కిలోమీటర్లని గిన్నిస్ వారు నమోదు చేశారు. అంతకుముందు పదేళ్లుగా ఉన్న రికార్డు మలేసియా ఆటగాడు తాన్ బూన్ హియాంగ్‌ది, 493 కిలోమీటర్లు.

565ను 3.6తో భాగించండి. సెకనుకు 157 మీటర్లన్నమాట! కోర్టు ఈ కొస నుంచి ఆ కొసకు 13.4 మీటర్లు. ఆ వేగం అలాగే నిలిస్తే కాక్ సెకనులో పదకొండో వంతు కూడా పట్టకుండా అవతలి గీత దాటిపోవాలి. అప్పుడు ఎదుటివాడు బ్యాట్ పట్టుకుని నిలబడడం దండగ. కాని పెద్ద పెద్ద పోటీల్లో స్మాష్‌లను తీసి తిరిగి కొడుతూనే ఉంటారు కదా. అదెలా సాధ్యం?

ఈ రహస్యం కాక్ నిర్మాణంలో ఉంది. అయిదు గ్రాముల వస్తువది. నిబంధనల ప్రకారం 4.74 నుంచి 5.50 గ్రాముల మధ్య ఉండాలి. బెండుకు 16 ఈకలు గుచ్చి, వాటిని పరికిణీలా విచ్చుకునేట్టు దారంతో కడతారు. బరువు తక్కువ, గాలికి అడ్డుపడే వైశాల్యం ఎక్కువ. అందుచేత గాలి దాన్ని గట్టిగా పట్టి ఆపుతుంది.

ఎంత గట్టిగా ఆపుతుంది? డాబా మీద నుంచి ఒక రాయినీ, ఒక కాక్‌నూ ఒకేసారి వదలండి. కింద ఎవరూ లేకుండా చూసుకోండి సుమా! మొదట్లో రెండూ కలిసే పడతాయి. తరవాత కాక్ వెనకబడిపోతుంది. వేగం పెరుగుతున్న కొద్దీ గాలి నిరోధం పెరిగి, ఒక దశలో అది కాక్ బరువుతో సమానమవుతుంది. ఇక అక్కడి నుంచి వేగం పెరగదు. దీన్ని చరమ వేగం అంటారు. షటిల్ కాక్‌కు ఇది సెకనుకు సుమారు 6.7 మీటర్లు. ఎంత ఎత్తైన కొబ్బరిచెట్టు మొవ్వు నుంచి వదిలినా అంతకు మించి వేగంగా నేలను తాకదు.

గాలి నిరోధం వేగం వర్గానికి అనుపాతంలో ఉంటుంది. వేగం రెండింతలైతే నిరోధం నాలుగింతలు, మూడింతలైతే తొమ్మిదింతలు. 6.7 దగ్గర నిరోధం కాక్ బరువుతో సమానం కదా? మరి 157 దగ్గర ఎంత? 157ను 6.7తో భాగిస్తే దాదాపు 23.4. దాని వర్గం సుమారు 550. అంటే సాత్విక్ బ్యాట్ నుంచి బయటపడ్డ క్షణాన ఆ కాక్‌ను గాలి దాని బరువుకు అయిదువందల యాభై రెట్ల బలంతో వెనక్కి నెడుతోందన్నమాట.

ఈ లెక్కను కొనసాగిస్తే ఒక చక్కని ఫలితం వస్తుంది. కాక్ ఇంచుమించు ప్రతి 3.2 మీటర్లకూ తన వేగంలో సగం పోగొట్టుకుంటుంది. 157తో బయలుదేరినది 3.2 మీటర్ల దగ్గర 78, 6.4 దగ్గర 39, 9.6 దగ్గర 20, అవతలి గీత దాపుకు వచ్చేసరికి సుమారు 10. పదంటే గంటకు 36 కిలోమీటర్లు. మన కాలవగట్టు మీద మోపెడ్ పోయే వేగం! (మరీ ఎక్కువ వేగంలో ఈకలు కొంచెం ముడుచుకుంటాయి. అందువల్ల ఈ అంకెలు కాస్త అటూ ఇటూ అవుతాయి. పద్ధతి అర్థం కావడానికి ఇది చాలు.)

ఇప్పుడు కాలం చూద్దాం. 565 కిలోమీటర్ల కాక్ 9.6 మీటర్లు పోవడానికి ఈ లెక్కన 0.21 సెకను పడుతుంది. గంటకు 360 కిలోమీటర్లతో కొట్టిన కాక్‌కు 0.33 సెకను. మొదటివాడు రెండో వాడికంటే ఒకటిన్నర రెట్లకు పైగా వేగంగా కొట్టాడు. దక్కిన లాభం సెకనులో ఎనిమిదో వంతు. ఎంత బలం పోసి కొడితే గాలి అంతకు మించి ఎదురు తిరుగుతోంది. వట్టి కండబలాన్ని నమ్ముకున్నవాడి బలంలో ఎక్కువ భాగం గాలి పాలవుతుంది. అందుకే మేటి ఆటగాళ్లు నాలుగు స్మాష్‌ల మధ్య ఒకటి మెల్లగా వల పక్కనే వదులుతారు. చూసేవాళ్లకు అది చిన్న విషయంలా కనిపిస్తుంది. ఎదుటివాడు మాత్రం దానికోసం ముందుకు పరిగెత్తి బోర్లా పడతాడు.

స్కేలు పరీక్ష

ఇప్పుడు స్కేలు తీయండి. మీ స్నేహితుణ్ణి 30 సెంటీమీటర్ల స్కేలు పై కొస పట్టుకుని నిలువుగా వేలాడదీయమనండి. కింద సున్నా దగ్గర మీ బొటనవేలు, చూపుడువేలు తెరిచి ఉంచండి. తాకకూడదు. వాడు చెప్పకుండా వదిలేయాలి, మీరు పట్టుకోవాలి. ఎన్ని సెంటీమీటర్లు జారిన తరవాత పట్టుకున్నారో చూడండి. 10 సెంటీమీటర్ల దగ్గర పట్టుకుంటే మీకు పట్టిన కాలం 0.14 సెకను. 15 అయితే 0.175. 20 అయితే 0.20. 25 అయితే 0.23. స్వేచ్ఛగా పడే వస్తువు సూత్రంతో మీరే సరిచూసుకోవచ్చు.

చాలామందికి 15కూ 25కూ మధ్య వస్తుంది. కన్ను చూడాలి, ఆ కబురు మెదడుకు చేరాలి, మెదడు ఆజ్ఞ వేళ్లకు చేరాలి. దీనికి పట్టే సమయమే ప్రతిచర్యా కాలం. మా తరగతిలో ఈ పరీక్ష పెట్టినప్పుడు ఒక తమాషా జరిగింది. షటిల్ బాగా ఆడే కుర్రాడికి 18 వచ్చింది. ఎప్పుడూ బెంచీ దిగని అమ్మాయికి 16 వచ్చింది! తరగతంతా ఘొల్లుమంది. ఆ కుర్రాడు ముఖం చిన్నబుచ్చుకున్నాడు.

చిన్నబుచ్చుకోవలసిందేమీ లేదు. 0.33 సెకనులో వచ్చే కాక్‌ను చూసి, కదిలి, బ్యాట్ అడ్డుపెట్టాలంటే ఈ 0.2 సెకను పోగా మిగిలేది 0.13. ఆ కాస్తలో కాలు కదపడం కూడా కుదరదు. మరి తీస్తున్నారంటే, కాక్ బయలుదేరకముందే వాళ్లకేదో తెలుస్తోందన్నమాట.

1987లో బ్రూస్ అబర్నెతీ, రస్సెల్ అనే పరిశోధకులు దీన్ని పరీక్షించి చూశారు. బ్యాడ్మింటన్ ఆటగాడు కాక్‌ను కొడుతున్న ఫిల్మును తీసి, బ్యాట్ కాక్‌ను తాకకముందే కొన్నిచోట్ల, తాకిన వెంటనే కొన్నిచోట్ల కత్తిరించారు. ఆ ముక్కలు చూపించి, కాక్ ఎక్కడ పడుతుందో చెప్పమన్నారు. కొత్తగా ఆడేవాళ్లు బ్యాట్‌ను చూసి మాత్రమే కొంత చెప్పగలిగారు. ఆరితేరినవాళ్లు బ్యాట్‌తో పాటు దాన్ని పట్టుకున్న చేతి కదలికను కూడా చదివి, ఇంకా ముందుగానే ఊహించగలిగారు. ఏళ్ల తరబడి ఆడినందువల్ల వాళ్లకు ఏది చూడాలో తెలిసింది. తేడా అంతా అందులోనే ఉంది.

మా కుర్రాడి ప్రశ్నకు మొదటి జవాబు నాకు ఇక్కడే దొరికింది. రెండేళ్ల సాయంత్రాల్లో వాడి నరాల వేగం మారలేదు, స్కేలు అదే చెప్పింది. మారింది వాడి చూపు. ఎదుటివాడి భుజం తిరిగిన తీరు చూసి కాక్ ఏ మూలకు వస్తుందో పట్టుకోవడం వాడికి వచ్చింది. ఆ సంగతి వాడికే తెలియదు. నేర్చుకున్నది చాలాసార్లు నేర్చుకున్నవాడికే కనబడదు.

ఇద్దరు, ఒక కోర్టు

డబుల్స్‌లో ఒక వైపు కోర్టు 6.7 మీటర్ల పొడవు, 6.1 మీటర్ల వెడల్పు. దాదాపు 41 చదరపు మీటర్లను ఇద్దరు కాపలా కాయాలి. సగం సగం పంచుకుంటే సరి అనిపిస్తుంది కదూ? మీరు ఆడి చూడండి. ఎక్కువ పాయింట్లు పోయేది మూలల్లో కాదు, ఇద్దరికీ సరిగ్గా మధ్యలో. "నువ్వు తీస్తావనుకున్నానురా!" "నేనూ నువ్వు తీస్తావనే అనుకున్నా!" ఈ మాట వినపడని షటిల్ కోర్టు కోనసీమ మొత్తం మీద లేదు. ఇద్దరికీ చేతనైన పని ఇద్దరూ మానేసిన ఫలితమది.

సాత్విక్, చిరాగ్‌లను 2016 ప్రాంతంలో జతచేసినది మలేసియాకు చెందిన శిక్షకుడు తాన్ కిమ్ హర్. ఇద్దరూ పొడగరులే, ఇద్దరూ వెనక నిలబడి బలంగా కొట్టే రకమే. మొదట్లో ఈ జత వాళ్లకే అంతగా నచ్చలేదు. ఇద్దరూ వెనకే ఉంటే వల దగ్గరెవరు? ముందు నిలబడి ఆడే విద్యను కొత్తగా నేర్చుకోవలసి వచ్చింది. ఇవాళ వాళ్ల ఆట చూస్తే సాధారణంగా సాత్విక్ వెనక నుంచి కొడుతూంటాడు, చిరాగ్ ముందు కాపు కాస్తూంటాడు. అవసరమైతే క్షణంలో చోటు మార్చుకుంటారు. పాయింటు పాయింటుకూ ఏదో ఒకటి మాట్లాడుకుంటూనే ఉంటారు. గమనించండి.

పక్కనున్న బాస్కెట్ బాల్ స్తంభం

మా బడిలో షటిల్ కోర్టు పక్కనే బాస్కెట్ బాల్ స్తంభం ఒకటి ఉంది. బోర్డు వానలకు ఉబ్బిపోయింది, వల ఎప్పుడో ఊడిపోయింది, రింగు మాత్రం గట్టిది. సాయంత్రం నాలుగయ్యేసరికి సముద్రపు గాలి మొదలై షటిల్ ఆడనివ్వదు. కాక్ ఒక చోట వేస్తే ఇంకో చోట తేలుతుంది. అప్పుడు పిల్లలంతా ఈ స్తంభం దగ్గర చేరతారు. బాస్కెట్ బంతి బరువు సుమారు 600 గ్రాములు, కాక్‌కు నూట ఇరవై రెట్లు. ఆ గాలి దాన్ని పెద్దగా ఏమీ చేయలేదు. మీరు పుస్తకంలో చదివే పరావలయం చూడాలంటే ఈ బంతి దారినే చూడాలి. కాక్ దారి వేరు. అది పైకి ఏటవాలుగా పోయి, చివర్లో దాదాపు నిట్టనిలువుగా పడిపోతుంది.

ఈ ఆటను కనిపెట్టినది కూడా ఒక మాస్టారే. 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డులో జేమ్స్ నైస్మిత్ అనే వ్యాయామ శిక్షకుడు, చలికాలంలో గది లోపల ఆడించడానికి ఒక ఆట కావలసి, వ్యాయామశాల వసారా కమ్మికి రెండు పీచ్ పళ్ల బుట్టలు కొట్టాడు. ఆ కమ్మి ఎత్తు పది అడుగులు. ఇప్పటికీ రింగు ఎత్తు పది అడుగులే, అంటే 3.05 మీటర్లు.

అమ్మ గాజు ఒకటి అడిగి తీసుకోండి. పైనుంచి చూస్తే గుండ్రంగా ఉంటుంది. పక్కకు వంచుతూ చూడండి. సన్నబడి సన్నబడి చివరకు గీతలా కనిపిస్తుంది. బంతికి రింగు కూడా అలాగే కనబడుతుంది. రింగు వ్యాసం 45 సెంటీమీటర్లు, బంతి 24. బంతి నేరుగా పైనుంచి పడితే రెండు బంతులకు చాలినంత చోటు ఇంచుమించు ఉంటుంది. ఏటవాలుగా వస్తే ఆ చోటు తగ్గిపోతుంది. సుమారు 32 డిగ్రీల కోణంలో వస్తే సరిగ్గా 24 సెంటీమీటర్లే మిగులుతుంది. అంతకంటే చదునుగా విసిరిన బంతి రింగుకు తగలకుండా లోపలికి పోవడం అసాధ్యం. (పదో తరగతివాళ్లు 45ను సైన్ 32తో గుణించి చూడండి.) మా పిల్లల్లో తొంభైమంది బంతిని రాయి విసిరినట్టు తిన్నగా విసురుతారు. ఎంత గురి ఉన్నా లాభం లేదు. ఎత్తుగా వేయాలి.

ఇక్కడ ఒక కథ చెప్పాలి. అమెరికాలో విల్ట్ చేంబర్లిన్ అని ఏడడుగుల పైబడ్డ ఆటగాడు ఉండేవాడు. ఎవరూ అడ్డులేకుండా గీత దగ్గర నిలబడి వేసే ఫ్రీ త్రోలు మాత్రం అతనికి పడేవి కావు. 1961-62 ఆటల కాలంలో రెండు చేతులతో మోకాళ్ల దగ్గర నుంచి, బావిలోంచి చేద లాగినట్టు, కిందినుంచి వేయడం మొదలుపెట్టాడు. నూటికి 61 పడ్డాయి. అతని జీవితంలో అదే అన్నిటికంటే మంచి సంవత్సరం. 1962 మార్చి 2న ఒకే ఆటలో 100 పాయింట్లు చేసినప్పుడు 32 ఫ్రీ త్రోలలో 28 వేశాడు. అలా వేయడంలో శాస్త్రం ఉంది. రెండు చేతులూ సమానంగా కదులుతాయి కాబట్టి బంతి పక్కకు పోదు. బంతి మెల్లగా వెనక్కి తిరుగుతూ పోతుంది. రింగుకు తగిలినా ఎగిరిపోకుండా అక్కడే తచ్చాడి లోపల పడుతుంది. రిక్ బారీ అనే మరొక ఆటగాడు తన ఆట ముగిసేదాకా ఇలాగే వేసి, వందకు దాదాపు తొంభై వేశాడు.

మరి చేంబర్లిన్? మానేశాడు! జనం ముందు అలా వేయడం తనకు నామోషీగా అనిపించిందని, అలా మానడం పొరపాటేనని తన ఆత్మకథలో ఒప్పుకొన్నాడు. 1967-68 నాటికి అతనికి పడినవి నూటికి 38.

అదే తప్పు మా స్తంభం దగ్గర కూడా చూశాను. ఏడో తరగతి పిల్లవాడొకడు కిందినుంచి వేసి, పదికి ఆరు వేస్తున్నాడు. "ఏంట్రా, ఆడపిల్లలా!" అన్నారెవరో. మర్నాటి నుంచి అందరిలా తలమీంచి వేయడం మొదలుపెట్టాడు. పదికి రెండు. వాడికి ఈ చేంబర్లిన్ కథ చెప్పాను. విన్నాడు, నవ్వాడు. మళ్లీ తలమీంచే వేశాడు. లెక్క తెలిసినంత మాత్రాన నలుగురి నవ్వును తట్టుకునే బలం వచ్చేయదు. అంత పెద్ద ఆటగాడికే రాలేదు. ఆ మాట అన్నవాడితో మాత్రం గట్టిగానే మాట్లాడాను. మా బడిలో ఆ రింగులో ఎక్కువ బంతులు వేసేది ఒక ఎనిమిదో తరగతి అమ్మాయే అన్న సంగతి కూడా గుర్తుచేశాను.

టోక్యో లెక్క

ఇక ఓటమి సంగతి. కాగితం మీద రాసుకుంటూ చదవండి.

2021 జూలైలో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో సాత్విక్, చిరాగ్ జంట ఉన్న గ్రూపులో నాలుగు జంటలు. ఒక్కో జంట మూడు ఆటలు ఆడాలి. మొదటి ఇద్దరే ముందుకు పోతారు. మనవాళ్లు తొలి ఆటలో తైవాన్‌కు చెందిన లీ యాంగ్, వాంగ్ చీ లిన్‌లను 21-16, 16-21, 27-25తో ఓడించారు. రెండో ఆటలో ఇండోనేసియా జంట గిడియోన్, సుకముల్జోల చేతిలో 13-21, 12-21తో ఓడారు. మూడో ఆటలో బ్రిటన్ జంటను రెండు వరస గేముల్లో గెలిచారు. మూడింట రెండు గెలుపులు. బాగానే ఉంది కదా?

చివరి రోజున తైవాన్ జంట ఇండోనేసియా జంటను 2-1 గేములతో ఓడించింది. దాంతో మూడు జంటలకూ రెండేసి గెలుపులయ్యాయి. అప్పుడు గెలిచిన గేముల్లోంచి ఓడిన గేములు తీసేస్తారు. ఇండోనేసియా 5 గెలిచి 2 ఓడింది, తేడా 3. తైవాన్ 5 గెలిచి 3 ఓడింది, తేడా 2. మనవాళ్లు 4 గెలిచి 3 ఓడారు, తేడా 1. మూడో స్థానం. ఇంటికి!

ఇంకా వినండి. మనవాళ్లు ఓడించిన ఆ తైవాన్ జంటే చివరకు ఒలింపిక్ బంగారు పతకం గెలుచుకుంది. బంగారు విజేతలను ఆ పోటీల్లో ఓడించిన ఏకైక జంట మనదే. అయినా గ్రూపు దాటలేదు.

ఈ లెక్కను నల్లబల్ల మీద వేసి, మా కుర్రాణ్ణి పిలిచి, ఎక్కడ తప్పిందో చూడమన్నాను. వాడు మొదట ఇండోనేసియా చేతిలో ఓటమిని చూపించాడు. "అందులో ఒక గేము గెలిస్తే చాలు కదండీ" అన్నాడు. వేసి చూస్తే మూడు జంటల తేడా రెండేసి అయింది. అప్పుడు పాయింట్లు లెక్కపెట్టాలి. తేలలేదు. చాలాసేపు చూశాడు. తరవాత మొదటి ఆటలోని 16-21 మీద వేలు పెట్టాడు. గెలిచిన ఆటలో పోగొట్టుకున్న రెండో గేము! అది కూడా గెలిచి ఉంటే మనవాళ్ల తేడా 4 లోంచి 2 తీస్తే 2. తైవాన్‌కు ఒక గెలిచిన గేము తగ్గి, 4 లోంచి 3 తీస్తే 1. మనవాళ్లు ముందుకు, బంగారు విజేతలు ఇంటికి.

"గెలిచిన ఆటలోనే పోయిందండీ, మాస్టారూ!" అన్నాడు.

అవును. ఓడిన ఆటను మనం పదిసార్లు తలచుకుంటాం. గెలిచిన ఆటలో ఎక్కడ జారామో ఒక్కసారి కూడా చూసుకోం. పరీక్ష కాగితాలు ఇచ్చినప్పుడు కూడా అంతే. 80 వచ్చినవాడు మిగిలిన 20 ఎక్కడ పోయాయని కాగితం తిప్పి చూడడం నేను అరుదుగా చూశాను.

అయితే ఇందులో మరో సగం కూడా ఉంది. ఆ చివరి రోజు ఇండోనేసియా గెలిచి ఉంటే మనవాళ్లు ఏ గొడవా లేకుండా ముందుకు పోయేవారు. ఆ ఆటలో వాళ్ల చేతిలో ఉన్నదేమీ లేదు. ఒక ఫలితంలో మన పాలు కొంత, మనది కానిది కొంత. మొత్తం మన తప్పే అనుకుని బ్యాట్ పారేసినా, మొత్తం దురదృష్టమే అనుకుని ఊరుకున్నా లెక్క తప్పినట్టే. ఏ పాలు ఎంతో విడదీసి చూడడం సైన్సు పని.

టోక్యో తరవాత ఏమైందో కూడా వాడికి చెప్పాను. 2022 మే 15న బాంకాక్‌లో థామస్ కప్పు ఫైనలు. ఎదురుగా ఇండోనేసియా. టోక్యోలో తమను ఓడించిన సుకముల్జో, ఈసారి అహ్సాన్‌తో జతకట్టి నిలబడ్డాడు. మనవాళ్లు మొదటి గేము 18-21తో పోగొట్టుకుని, మిగిలిన రెండూ 23-21, 21-19తో లాగేశారు. మన దేశం తొలిసారి థామస్ కప్పు గెలిచింది. ఇక మలేసియా జంట ఆరోన్ చియా, సో వూయ్ యిక్‌ల సంగతి. ఆ జంట చేతిలో మనవాళ్లు వరసగా ఎనిమిదిసార్లు ఓడారు. తొమ్మిదోసారి, 2023 జూన్‌లో ఇండోనేసియా ఓపెన్ ఫైనల్లో, 21-17, 21-18తో గెలిచారు.

"ఇంకేముందండీ, అక్కడి నుంచి అన్నీ గెలుపులేనా?" అని అడిగాడు వాడు.

కాదు. 2024 ఆగస్టు 1న పారిస్ ఒలింపిక్స్ క్వార్టర్ ఫైనల్లో అదే మలేసియా జంట ఎదురైంది. మొదటి గేము 21-13తో గెలిచి కూడా తరవాతి రెండూ 14-21, 16-21తో ఓడారు. పతకం లేకుండా తిరిగి వచ్చారు. మళ్లీ 2025 ఆగస్టులో ప్రపంచ పోటీలు అదే పారిస్‌లో, అదే మందిరంలో జరిగాయి. మళ్లీ క్వార్టర్ ఫైనలే, మళ్లీ అదే జంట. ఈసారి మనవాళ్లు 21-12, 21-19తో గెలిచారు. మర్నాడు సెమీఫైనల్లో చైనా జంట చేతిలో ఓడి, కంచు పతకంతో వచ్చారు.

వాడు నల్లబల్ల మీది అంకెల్ని నోటుబుక్కులో ఎక్కించుకున్నాడు. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "మాస్టారూ, బ్యాట్‌కు గట్టింగ్ తెగిపోయిందండీ. అమలాపురంలో ఎక్కడ వేస్తారో తెలుసాండీ?" అన్నాడు. నాకు తెలియదు. మా వ్యాయామం మాస్టారిని అడగమన్నాను.